ఐదు రోజుల చీటీ, మూడేళ్ళ బిళ్ళలు: నా అనుభవం

మాది గుంటూరు. ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను, ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పని చేస్తారు. మా ఇంట్లో సిగరెట్, మందు ఎవరికీ అలవాటు లేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మత్తుకి అలవాటు పడ్డారు అనగానే మన కళ్ళ ముందు మెదిలే మనిషి వేరేగా ఉంటాడు. నేనూ అలాగే అనుకునేదాన్ని, అందుకే నాకు ఏమైందో మూడేళ్ళు నాకే తెలియలేదు.

2020 డిసెంబరులో మొదలైంది. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ అప్పుడే జరుగుతున్నాయి, ఊపిరి ఆడనన్ని ఆర్డర్లు. ఒకరోజు కింద పెట్టిన బట్టల మూట ఎత్తబోతే నడుం దగ్గర కలుక్కుమంది, సాయంత్రానికి ఎడమ పిర్ర నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి. స్కాన్‌లో నడుం కింది భాగంలో డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతోందని తేలింది. డాక్టర్ గారు ఐదు రోజులకి బిళ్ళలు రాశారు, ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు, వంగి కూర్చోవడం తగ్గించమన్నారు. ఫిజియోథెరపీకి రెండు రోజులు వెళ్ళాను. మగ్గం పని వంగకుండా ఎలా చేస్తారు? అది అక్కడే వదిలేశాను. బిళ్ళలు మాత్రం వదల్లేదు.

అవి ట్రమడాల్, పారాసిటమాల్ కలిపిన బిళ్ళలు. ఒక్కో బిళ్ళలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325. ఈ లెక్కలు అప్పుడు నాకు తెలియవు, తరవాత నేర్చుకున్నాను. ట్రమడాల్ నల్లమందు, మార్ఫిన్ జాతికి చెందిన నొప్పి మందు అని కూడా తెలియదు. 2018 ఏప్రిల్లోనే దాన్ని మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారట. స్ట్రిప్ మీద ఎర్రగా హెచ్చరిక ఉంటుంది, రోజూ ఆ రేకు చించేదాన్ని, ఒక్కసారి కూడా చదవలేదు.

మొదటి రాత్రి సంగతి మాత్రం నిజం చెప్పాలి. బిళ్ళ వేసుకున్న గంటకి నొప్పి పోలేదు. ఉంది, కానీ అది పక్కింటి వాళ్ళ నొప్పిలాగా ఉంది. దానితో పాటు ఆ రోజు మనసులో ఉన్న బరువు కూడా, ఫైనాన్స్ వాయిదా, పాపకి స్కూల్లో కట్టాల్సిన ఫీజు, మా నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలే, అదంతా కూడా దూరంగా జరిగింది. లోపల ఎవరో దుప్పటి కప్పినట్టు వెచ్చగా అనిపించింది. చాలా రోజుల తరవాత హాయిగా పడుకున్నాను. నడుం నొప్పి తగ్గితేనే ఇంత హాయి అనుకున్నాను. కాదు, ఆ హాయి నడుంది కాదు. ఇది అర్థమవడానికే నాకు ఇంతకాలం పట్టింది.

ఐదు రోజులు అయ్యాక సందు చివర మందుల షాపులో అదే చీటీ చూపించి ఇంకో స్ట్రిప్ తెచ్చుకున్నాను. షాపులో ఉండే కుర్రాడు నన్ను అక్కా అని పిలుస్తాడు, వాళ్ళ అమ్మ బ్లౌజులు నేనే కుడతాను. మొదట్లో "మళ్ళీ డాక్టర్‌కి చూపించుకో అక్కా" అనేవాడు. నేను నవ్వేసి, ఆ హాస్పిటల్‌కి వెళ్తే ఒక రోజు పని పోతుంది తమ్ముడూ అనేదాన్ని. తరవాత అడగడం మానేశాడు. ఆ చీటీ మడతల దగ్గర చిరిగిపోతోందని లామినేషన్ చేయించాను. ఐదు రోజులకి రాసిన కాగితాన్ని లామినేషన్ చేయించిన రోజునే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ కుర్రాడిని మాత్రమే తప్పు పట్టలేను. అతను ఇవ్వకూడదు, నిజమే, కానీ అతను ఇవ్వని నెలలో నేను ఇంకో రెండు షాపులు వెతుక్కున్నాను.

మొదట రాత్రి ఒకటి. తరవాత పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏడాది తిరిగేసరికి రోజుకి ఆరు. ఎప్పుడు పెంచానో చెప్పమంటే ఒక తేదీ అంటూ లేదు. పెళ్ళి ఆర్డర్ వస్తే ఒకటి ఎక్కువ, ఆ ఆర్డర్ అయిపోయాక ఆ ఒకటి తగ్గదు, అంతే. నడుం నొప్పి లేని రోజు కూడా వేసుకోవడం మొదలుపెట్టాను. మా ఆయనతో మాటా మాటా వచ్చిన రోజు వేసుకున్నాను. నాన్న సంవత్సరీకం రోజు వేసుకున్నాను. అలసటగా ఉంటే వేసుకున్నాను, ఎందుకంటే నాకు అది మత్తు ఇవ్వడం కంటే హుషారు ఎక్కువ ఇచ్చేది, రాత్రి ఒంటిగంట దాకా కుట్టేదాన్ని. ఇంట్లో అందరూ ఎంత కష్టపడుతోందో అన్నారు.

ఒళ్ళు మాత్రం ఒక్కొక్కటిగా చెప్తూనే ఉంది. మొదటిది మలబద్ధకం. సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఎవరో ఒకరికి ఉపయోగపడుతుంది. నాలుగైదు రోజులకి ఒకసారి, అదీ రక్తం పడేలాగా. పైల్స్ అనుకుని నాటు మందు తిన్నాను, అంజీర నానబెట్టి తిన్నాను. పేగుల కదలికనే ఈ మందు ఆపేస్తుందని, మిగతా వాటికి ఒళ్ళు అలవాటు పడినా దీనికి మాత్రం పడదని నాకెవరూ చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పలేదు కాబట్టి. మూత్రం రావడానికి బాత్‌రూమ్‌లో ఐదు నిమిషాలు నిలబడాల్సి వచ్చేది. ముక్కు, మెడ దురద. నోరు ఎండిపోవడం. ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్ తడిసిపోయే చెమట. తరవాత నెలసరి తప్పడం మొదలైంది, మూడు నెలలకోసారి, ఒకసారి ఐదు నెలలు రాలేదు. నలభై దాటింది కదా ఆగిపోతోందేమో అన్నారు మా వదిన. నేనూ అదే అనుకున్నాను. ఎక్కువ కాలం వాడితే ఈ జాతి మందులు మెదడు నుంచి హార్మోన్లకి వెళ్ళే ఆజ్ఞనే తగ్గించేస్తాయట, ఆడవాళ్ళకి నెలసరి దెబ్బతింటుంది, మగవాళ్ళకి కూడా హార్మోను పడిపోతుంది. భార్యాభర్తల మధ్య ఇష్టం చచ్చిపోవడం కూడా అందులో భాగమే. మా ఆయన దానికి వేరే కారణాలు ఊహించుకుని రెండేళ్ళు లోపల బాధపడ్డారని మొన్న మొన్న చెప్పారు.

ఇంకొకటి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఒక రాత్రి నిద్ర రాక మా అత్తయ్య గారి నిద్రమాత్ర ఒకటి తీసి, నా బిళ్ళలు రెండు కలిపి వేసుకున్నాను. పాప నా పక్కనే పడుకుంది. గురక మధ్యలో ఆగిపోయి, చాలాసేపు ఊపిరి తీయకుండా, మళ్ళీ ఒక్కసారి గట్టిగా పీల్చావమ్మా, నాకు భయమేసి కుదిపాను, అయినా నువ్వు లేవలేదు అంది పొద్దున. పని అలసట అన్నాను. నిద్రమాత్రలు గానీ మద్యం గానీ ఈ బిళ్ళలతో కలిస్తే ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగం మందగించిపోతుంది. చాలామంది పోయేది ఇలాగే, నిద్రలో, ఎవరికీ తెలియకుండా. ఆ రాత్రి పాప కూర్చుని చూస్తూ ఉంది. దానికి పదహారేళ్ళు.

ఆ పాపకే ఒకసారి నెలసరి నొప్పి వస్తే నా బిళ్ళ సగం విరిచి ఇచ్చాను. రోజంతా వాంతులు, కళ్ళు తిరగడం. పడలేదులే అనుకున్నాను. తల్లిని నేను, ఇది రాయడం నాకు తేలిక కాదు.

మానేద్దామని ప్రయత్నించలేదా అంటే, రెండుసార్లు ప్రయత్నించాను, ఎవరికీ చెప్పకుండా. పొద్దున మానేస్తే సాయంత్రానికి ఆవులింతలు, ఒకదాని వెనుక ఒకటి, దవడ నొప్పి పుట్టేదాకా. కళ్ళు, ముక్కు కారడం. అందరూ జలుబు అనుకుంటారు. రాత్రికి కాళ్ళు పీకడం. ఆ పీకుడు ఎలా ఉంటుందంటే ఎముక లోపల చీమలు పాకుతున్నట్టు, చాపితే బాగుండదు, ముడిస్తే బాగుండదు, లేచి నడవాలి, నడవడానికి ఓపిక ఉండదు. రోమాలు నిక్కబొడుచుకుని చలి, వెంటనే చెమట. మూడేళ్ళుగా కదలని కడుపు ఒక్కరోజులో పదిసార్లు కదులుతుంది. తల తిప్పితే లోపల చిన్న షాక్ కొట్టినట్టు చిటుక్కుమంటుంది. ఈ చివరిది ట్రమడాల్‌కి ప్రత్యేకం, ఎందుకంటే అది నల్లమందు జాతి పనితో పాటు డిప్రెషన్ మందుల్లాంటి పని కూడా చేస్తుందట, అందుకని మానేటప్పుడు రెండు రకాల బాధా ఉంటుంది, కారణం లేని భయం, ఏడుపు. అన్నిటికంటే నన్ను ఓడించింది నడుం. మానేసిన రెండో రోజుకి నడుం నొప్పి మొదటి రోజు కంటే పదింతలు. చూశావా, నాకు నిజంగానే ఈ బిళ్ళ అవసరం, డిస్క్ ఇంకా ముదిరింది అని నాకు నేనే చెప్పుకుని వేసుకున్నాను. అరగంటలో అన్నీ సర్దుకున్నాయి. ఆ తరవాత ఇక మానే ఆలోచనే చేయలేదు.

2023కి వచ్చేసరికి రోజుకి పన్నెండు. అంటే ట్రమడాల్ 450 మిల్లీగ్రాములు. ఈ బిళ్ళలు రోజుకి ఎనిమిది దాటకూడదు, ట్రమడాల్ ఒక్కటే తీసుకునే పెద్దవాళ్ళకి కూడా 400 దాటకూడదు. పారాసిటమాల్ దాదాపు నాలుగు గ్రాములు, అదే చివరి హద్దు, దాని మీద జ్వరం వచ్చిందని విడిగా పారాసిటమాల్ 650 మిల్లీగ్రాముల బిళ్ళలు కూడా వేసుకున్న రోజులున్నాయి. నొప్పి అప్పటికి నడుంలో మాత్రమే లేదు, భుజాలు, మోకాళ్ళు, వేళ్ళ కణుపులు, దుప్పటి తగిలినా నొప్పి. నిద్ర లేదు, ఊరికే ఏడుపు. దానికి ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన డిప్రెషన్‌కి మందు రాశారు. వేరే మందులేమైనా వాడుతున్నావా అమ్మా అని అడిగారు కూడా. ఏమీ లేవండీ అన్నాను.

ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది, దాంతో ఆర్డర్లన్నీ నిజ శ్రావణంలో మీద పడ్డాయి. వరలక్ష్మీ వ్రతానికి మూడు రోజుల ముందు, మగ్గం మీద కూర్చుని ఉన్నాను, నోట్లో లోహం రుచి తగిలినట్టు గుర్తు. తరవాత గుర్తున్నది హాస్పిటల్ సీలింగ్. ఫిట్స్ వచ్చాయట. నాలుక కరుచుకున్నాను, పడేటప్పుడు ఫ్రేము కొయ్య తగిలి కనుబొమ మీద ఐదు కుట్లు. పని చేసే అమ్మాయిలు చేతిలో తాళాలు పెట్టారట పాపం. ఇక్కడ ఒక మాట, ఎవరికైనా ఫిట్స్ వస్తే తాళాలు, ఉల్లిపాయ ఏమీ పెట్టకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ దోపకండి.

మెదడు స్కాన్ బాగానే ఉంది. ఎందుకు వచ్చాయో వాళ్ళకి అంతుపట్టలేదు, నేను చెప్పలేదు కాబట్టి. ట్రమడాల్‌తో మామూలు మోతాదులో కూడా ఫిట్స్ రావచ్చు, మోతాదు ఎక్కువైతే, డిప్రెషన్ మందుతో కలిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. హాస్పిటల్‌లో ఉన్న రెండో రాత్రి నేను అడిగింది నీళ్ళు కాదు, పాపని ఇంటికి పంపి మెషీన్ సొరుగులో ఉన్న నా పర్సు తెమ్మన్నాను. అది పర్సు తెచ్చింది. కానీ సొరుగు వెనుక దారపు రీళ్ళ డబ్బాలో ఉన్నవి కూడా చూసింది. ఖాళీ రేకులు, ఒక క్యారీబ్యాగ్ నిండా. అవి నా మంచం మీద పెట్టి, "అమ్మా, ఇవి లెక్కపెట్టనా, నువ్వే చెప్తావా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా అరిచేదాన్నేమో.

ఆ రాత్రి డ్యూటీ డాక్టర్‌కి అంతా చెప్పాను. అక్కడి నుంచి సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి పంపారు. మా ఆయనకి పిచ్చి డాక్టర్ దగ్గరికా అన్న బాధ, నాకు చచ్చిపోవాలన్నంత సిగ్గు. ఆవిడ నా కంటే చిన్న వయసు. నేను తల దించుకుని కూర్చుంటే, "అమ్మా, మీలాంటి వాళ్ళు ఎంతమందో తెలుసా" అని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు 2019లో ఇచ్చిన సర్వే సంగతి చెప్పారు. దేశంలో దాదాపు నూటికి ఒకరు ఇలాంటి మందుల షాపు ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి మందులు, వైద్యానికి కాకుండా వాడుతున్నారట. నూటికి ఒకరంటే మా వీధిలోనే ఇంకా ఉండాలి కదా అనిపించింది. ఆ లెక్క నాకు ఏ ఓదార్పు మాట కంటే ఎక్కువ పనిచేసింది.

తరవాత ఆవిడ చెప్పిన మాట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. నా డిస్క్ కొత్త స్కాన్‌లో చూస్తే ముందు కంటే మెరుగ్గా ఉంది. జారిన డిస్క్ చాలామందిలో నెలల్లో దానంతట అదే తగ్గుముఖం పడుతుందట. మరి ఇంత నొప్పి ఎక్కడిది మేడమ్ అన్నాను. రెండు చోట్ల నుంచి అన్నారు. ఒకటి, బిళ్ళ దిగిపోతున్న ప్రతిసారీ వచ్చే నొప్పి. ఐదారు గంటలకి మందు తగ్గగానే ఒళ్ళు అడుగుతుంది, ఎక్కడ పాత దెబ్బ ఉందో అక్కడి నుంచే అడుగుతుంది. రెండు, ఏళ్ళ తరబడి ఈ మందు వాడితే నొప్పిని పట్టుకునే నరాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయి, చిన్న తాకిడి కూడా నొప్పి అవుతుంది. అంటే చివరి ఏడాదంతా నేను నడుం నొప్పికి బిళ్ళ వేసుకోలేదు. బిళ్ళ తెచ్చిన నొప్పికి బిళ్ళ వేసుకున్నాను. ఆ కుర్చీలో కూర్చునే ఏడ్చాను. నాకు కోపం వచ్చింది, నా మీద కాదు, ఆ హాయి మీద.

పది రోజులు అడ్మిషన్. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు మూడు రెట్లు ఉన్నాయి, పారాసిటమాల్ వల్ల కావచ్చన్నారు. ట్రమడాల్ మళ్ళీ ఇస్తే ఫిట్స్ భయం ఉంది కాబట్టి బ్యుప్రెనార్ఫిన్ అనే బిళ్ళ మీదకి మార్చారు. అది నాలుక కింద పెట్టుకోవాలి, కరిగేదాకా ఐదు పది నిమిషాలు మాట్లాడకూడదు, మింగకూడదు. మొదటి బిళ్ళ వెంటనే ఇవ్వరు. పాత మందు దిగి బాధ మొదలయ్యాకే ఇస్తారు, ముందే ఇస్తే ఆ బాధ ఒక్కసారిగా పదింతలై మీద పడుతుందట. అందుకని ఆవులింతలు, కాళ్ళ పీకుడు మొదలయ్యేదాకా వేచి ఉండాల్సి వచ్చింది, ఆ పద్దెనిమిది గంటలు నా జీవితంలో పొడుగైనవి. ఇచ్చిన గంటకి కాళ్ళు నిదానించాయి. హాయి రాలేదు. మామూలుగా ఉంది. మామూలుగా ఉండటం ఎలా ఉంటుందో మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

మా అత్తయ్య గారు అడిగారు, "అమ్మాయ్, ఒక బిళ్ళ మాన్పించి ఇంకో బిళ్ళ అలవాటు చేస్తున్నారా" అని. చాలామంది ఇదే అడుగుతారు. నేనూ డాక్టర్‌ని అడిగాను. ఇది నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, రోజులో ఎక్కడం దిగడం ఉండదు, ఒక హద్దు దాటాక ఎంత వేసినా ఎక్కువ పనిచేయదు, పైగా మందుల షాపులో దొరకదు, డీ-అడిక్షన్ సెంటర్‌లోనే ఇస్తారు. ఉన్నట్టుండి పూర్తిగా మానేసి ఇంటికి వెళ్ళిన వాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది: ఒళ్ళు అలవాటు పోగొట్టుకుంటుంది, నెల తరవాత మనసు లాగి పాత లెక్కలోనే పన్నెండు వేసుకుంటే తట్టుకోలేదు. అందుకని తొందరపెట్టలేదు. ఎనిమిది నెలలు వాడి, కొంచెం కొంచెంగా తగ్గించి, 2024 మేలో ఆపాను.

ఆపాక అంతా బాగుందని రాయలేను. నిద్ర మూడు నెలలు రాలేదు సరిగా. పండగ వచ్చినా, పాప ఎంసెట్ ర్యాంకు వచ్చినా లోపల ఏమీ కదల్లేదు, నటించాను. ఆ స్తబ్దత తగ్గడానికి ఏడాది పట్టింది. జూలైలో ఒకసారి, మా ఆయనతో గొడవ అయిన రాత్రి, చెప్పులు వేసుకుని మందుల షాపు దాకా వెళ్ళాను. మూసేసి ఉంది. తెరిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. మర్నాడే ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి, తమ్ముడూ, నేను కాళ్ళావేళ్ళా పడినా నాకు ఇవ్వకు, ఫిట్స్ వచ్చి చావబోయాను అని చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. పాత చీటీ ఇప్పటికీ నీ దగ్గర ఉందా అక్కా అన్నాడు.

నెలసరి ఐదో నెలకి మళ్ళీ దారిలో పడింది. లివర్ మామూలైంది. నడుం నొప్పి ఉంది. వంగి ఎక్కువ పని చేస్తే వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. అది ఇప్పుడు నడుంలోనే ఉంటుంది, ఎక్కడికీ పాకదు, నన్ను బెదిరించదు. రోజూ పొద్దున ఇరవై నిమిషాలు ఫిజియో చెప్పిన వ్యాయామం, మగ్గం ఫ్రేము ఎత్తు పెంచుకున్నాను, గంటకోసారి లేస్తాను. మొదటి రోజే డాక్టర్ చెప్పినవే ఇవి.

ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే, ఇంటి దగ్గర గదిలో పెట్టి ఉన్నపళాన మాన్పించకండి, ముఖ్యంగా ట్రమడాల్ అయితే. సైకియాట్రీ ఓపీకి వెళ్ళండి, పెద్ద గవర్నమెంట్ హాస్పిటళ్ళలో ఉంటుంది. ఎవరికీ చెప్పుకోలేకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, నేను అర్ధరాత్రి 14416కి రెండుసార్లు చేశాను.

పాత చీటీని పాపే కత్తెరతో ముక్కలు చేసింది, లామినేషన్ కదా, చేత్తో చిరగదు. ఇప్పుడు పర్సులో ఆ చోట ఇంకో కార్డు ఉంది, నాకు ట్రమడాల్ ఇవ్వకూడదని, ఫిట్స్ వచ్చాయని డాక్టర్ గారు రాసి సంతకం పెట్టింది. పోయిన నెల పన్ను తీయించుకోవడానికి వెళ్తే నోరు తెరిచే ముందు ఆ కార్డు తీసి చూపించాను. డెంటిస్ట్ చదివి, రాయబోయిన మందు కొట్టేసి, వేరేది రాశారు.